వెలుతురుకు వీపు పెట్టి

మా ఆయన కంటి ఆపరేషన్ రేపనగా మా ఆడపడుచు ఒక ఎర్ర శాలువా తెచ్చి నా ఒళ్ళో పడేసింది. అప్పుడు నేను ఉతికిన బట్టలు మడతపెడుతున్నాను. మా ఇంట్లో బట్టలు చూస్తే ఎవరికైనా విసుగొస్తుంది. నావీ, మా అమ్మాయివీ అన్నీ ఒకటే రంగు. తెలుపు కాదు, గోధుమ కాదు, మా గోడల రంగు. "ఎల్లుండి కట్టు విప్పుతారు. ఆ ఆసుపత్రిలో కట్టు విప్పేటప్పుడు ఇంటివాళ్ళని ఎదురుగా నిలబెడతారట. మా తమ్ముడు కన్ను తెరిచి మొట్టమొదట ఈ మసిగుడ్డల్ని చూడాలా? ఇది కప్పుకుని నిలబడు. నువ్వొకదానివి ఉన్నావని వాడికి తెలియాలి కదా" అంది వదిన. నేను శాలువా మీద చెయ్యి వేశాను. మెత్తగా ఉంది. అంత ఎరుపు మా ఇంట్లోకి వచ్చి రెండేళ్ళు దాటింది. నువ్వొకదానివి ఉన్నావని తెలియాలి అన్న మాట దగ్గర మాత్రం చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఈ రెండేళ్ళూ నేను ప్రాణాలతో ఉన్నది, నేను ఎక్కడ ఉన్నానో ఆయనకు తెలియకపోవడం వల్లే.

నేను భయస్తురాలిని. చిన్నప్పటి నుంచీ అంతే. గ్యాసు కట్టేశానా లేదా అని వీధి మలుపు దాకా వెళ్ళి వెనక్కి వస్తాను. మా అమ్మాయి బడి నుంచి రావడం కాస్త ఆలస్యమైతే చాలు, నా కళ్ళ ముందు లారీ చక్రం, దాని కింద చెప్పు, చెప్పు పక్కన పుస్తకాల సంచి, అన్నీ వరసగా కనిపిస్తాయి. ఇంతలో అది గేటు తోసుకుని "అమ్మా, ఆకలి" అంటూ వస్తుంది. బక్కగా, ఒక్క చోట నిలవకుండా ఉంటుందని దాన్ని అందరం పిచ్చుక అంటాం. నన్ను మా వదిన బెదురుగొడ్డు అంటుంది. ఆమె పెట్టిన ఆ పేరు మా ఆయనకు బాగా నచ్చింది. పెళ్ళయిన కొత్తలో ముద్దుగా పిలిచేవాడు, తర్వాత ముద్దు పోయింది, పేరు మిగిలింది. నాకు చదువు ఎనిమిదో తరగతి దాకానే వచ్చింది కానీ, చెడు ఊహించడంలో మాత్రం పెద్ద చదువే చదివాను. తమాషా ఏమిటంటే, వీధిలో కుక్కకీ, ఆకాశంలో పిడుగుకీ భయపడే నన్ను చూసి నవ్వేవాళ్ళెవరూ ఇంట్లో దేనికి భయపడుతున్నానో అడగలేదు.

ఆయన సీసాల ఫ్యాక్టరీలో కొలిమి మేస్త్రి. మీసాలు రాని వయసు నుంచీ ఆ మంట ముందు నిలబడి, కరిగిన గాజును పొడవాటి గొట్టం కొసకు చుట్టి, తిప్పి, అచ్చులోకి దించడమే పని. బొట్టు అటూ ఇటూ పడకూడదు. ఆ చేతి గురి గురించి ఫ్యాక్టరీ అంతా చెప్పుకునేది. ఆ గురి ఎలాంటిదో నా ఒంటికి తెలుసు. చెంపదెబ్బ కొడితే అరచెయ్యి గుల్లగా పెట్టి సరిగ్గా ఎడమ చెవి మీదే కొట్టేవాడు. ఇప్పటికీ ఆ చెవిలో ఈగ తిరుగుతున్నట్టు మోత. జుట్టు పట్టుకుంటే మెడ వెనకాల, వేళ్ళకు పట్టు దొరికే చోటే. పొయ్యి దగ్గర నిలబడి ఉంటే వెనక నుంచి వచ్చి చిటికెన వేలు వెనక్కి విరిచేవాడు, చిటికెన వేలు పని చెయ్యకపోయినా వంట ఆగదు కాబట్టి. "ముఖం మీద మచ్చ పడకుండా కొట్టాలి, అదీ పనితనం" అన్నాడొకసారి. తాగి అన్న మాట కాదు, మామూలుగా అన్నం కలుపుకుంటూ అన్నది. అప్పుడు నా నడుం కింద నల్లగా కమిలి కూర్చోలేక నిలబడి వడ్డిస్తున్నాను. జుట్టు ఊడిన చోట నూనె రాస్తూ వదిన ఓదార్చింది కూడా. "రోజంతా మంటలో కాగి వస్తాడే పాపం. ఆ చెయ్యి చల్లారే దాకా ఎదురుపడకుండా ఉండొచ్చుగా?" అంది. ఉన్నవి రెండు గదులు. ఎదురుపడకుండా ఎక్కడ ఉండాలో చెప్పలేదు.

మొదటి దెబ్బ తప్పిన రోజు నాకు బాగా గుర్తు. తలుపు తియ్యడం ఆలస్యమైందని పిడికిలి ఎత్తాడు. నేను ఎప్పటిలాగే కళ్ళు మూసుకుని దవడ బిగించాను. చప్పుడు వినిపించింది కానీ నొప్పి రాలేదు. కళ్ళు తెరిస్తే ఆయన పిడికిలి నా చెవి పక్కన తలుపు చట్రానికి తగిలి, కణుపుల మీద చర్మం లేచిపోయి రక్తం కారుతోంది. "కదిలావేమే" అన్నాడు. నేను కదల్లేదు. సాయంత్రపు ఎండ నా వెనక కిటికీలోంచి ఆయన ముఖం మీద పడుతోంది. ఆయన కళ్ళు చికిలించుకుని, నన్ను కాదు, నా పక్కన గాలిని చూస్తున్నాడు. నేనే గుడ్డ తడిపి ఆ చెయ్యి తుడిచాను, మందు రాశాను. నా వేళ్ళకు రక్తం అంటింది. మా ఇంట్లో నాది కాని రక్తం చూడటం అదే మొదటిసారి. కడుక్కోవడానికి పంపు దగ్గరికి వెళ్ళి కాసేపు అలాగే చూస్తూ నిలబడ్డాను.

నేనూ ఆ ఫ్యాక్టరీలోనే, ఏరివేత షెడ్డులో పనిచేస్తాను. సీసాను దీపం ముందు ఎత్తి పట్టుకుని బుడగ ఉందా, నెర్ర ఉందా అని చూడాలి. మగవాళ్ళు చేస్తే దాన్ని తనిఖీ అంటారు, మేం చేస్తే ఏరుకోవడం అంటారు. "కూర్చుని చేసే పని, ఇంకేం కావాలమ్మా మీకు" అని సూపర్‌వైజరు రోజుకోసారి గుర్తుచేస్తాడు. సీసాను సరిగ్గా దీపానికి ఎదురుగా పెడితే కళ్ళు చెదిరి ఏమీ కనిపించదు, కాస్త పక్కకు వంచితేనే లోపం బయటపడుతుంది. ఇది మాకు చేతిలోని విద్య. కానీ దాన్ని ఇంటికి తెచ్చింది నేను కాదు, పిచ్చుక. ఒకరోజు ఆయన గొంతు పెరగగానే నేను గోడ మూలకు నక్కబోతే, అది నా కొంగు పట్టి లాగి గుసగుసగా చెప్పింది. "మూలకు కాదమ్మా. కిటికీ ముందుకు వెళ్ళు. వెలుతురుకు వీపు పెట్టి నిలబడితే నాన్నకి నువ్వు కనిపించవు." అప్పటికి దానికి పదేళ్ళు. పదేళ్ళ పిల్ల తండ్రి కళ్ళను అంత పరీక్షగా ఎప్పుడు చూసిందో, ఎందుకు చూడాల్సి వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం దిగదు.

ఆ రోజు నుంచి నేను ఇంటిని సర్దడం మొదలుపెట్టాను. కిటికీ తెరలు తీసేశాను. గోడలకు లేతరంగు వేయించాను. పసుపు బల్బులు పీకేసి, కళ్ళలో గుచ్చుకునే తెల్ల బల్బులు పెట్టాను. నేల అద్దంలా మెరిసే దాకా మోకాళ్ళ మీద పాకి తుడిచేదాన్ని. ఆయన వచ్చే వేళకు ఏ గదిలో వెలుతురు ఎటు నుంచి పడుతుందో నాకు కంఠతా వచ్చు. చివరికి మా ఇద్దరి బట్టలూ పెద్ద గిన్నెలో టీ డికాక్షన్ పోసి ఉడకబెట్టాను, గోడ రంగు వచ్చేదాకా. "ఏమమ్మోయ్, మీ ఇంట్లో గోడ నడిచి వస్తోందనుకుని జడుసుకున్నాను" అని పక్కింటి టైలరమ్మ నవ్వితే నేనూ నవ్వాను. ఆయనకు మాత్రం నా మీద ఎప్పుడూ లేని దయ కలిగింది. "ఇప్పటికి బుద్ధొచ్చింది, ఇల్లు వెలుగుగా ఉంచుతున్నావు" అన్నాడు. "మా తమ్ముడి చూపు కోసం ఎంత పాటుపడుతుందో" అని వదిన నలుగురికీ చెప్పుకుంది. దెబ్బలు ఆగలేదు. తగలడం తగ్గింది, అంతే. బీరువా తలుపు సొట్టపడింది. గోడకు తన్ని ఆయన కాలి వేలు వాచింది. పది దెబ్బల్లో రెండో మూడో నన్ను చేరేవి. ఆ రెండూ మూడూ పడ్డాక కూడా నేను దేవుడికి దణ్ణం పెట్టుకునేదాన్ని, మిగతావి పడనందుకు.

కళ్ళు మోసం చేస్తున్నాయని తెలిశాక ఆయన చెవుల మీద ఆధారపడటం నేర్చుకున్నాడు. గొంతు ఎటు నుంచి వస్తే అటు విసిరేవాడు. చేతికి ఏది దొరికితే అది, చెంబు, స్పానరు, కుర్చీ. మేం మాట్లాడటం తగ్గించాం. తప్పనిసరిగా జవాబు చెప్పాల్సి వస్తే చెప్పి వెంటనే పక్కకు జరిగేదాన్ని. మొన్న వానల్లో ఒక సాయంత్రం, టీలో పంచదార చాలలేదేమే అని అరిచాడు. నేను వంటింటి గుమ్మంలోంచి "తెస్తున్నానండీ" అని, చెప్పీ చెప్పగానే ఎడమవైపుకు జరిగాను. బరువైన స్టీలు గ్లాసు, సగం టీతో సహా, నేను ఒక క్షణం ముందు నిలబడిన చోటు మీదుగా వంటింట్లోకి దూసుకుపోయింది. లోపల నేల మీద పడి గిరగిరా తిరిగిన చప్పుడు చాలాసేపు వినిపించింది. లోపల పిచ్చుక అన్నం తింటోంది. పరుగెత్తి వెళ్ళి "తగిలిందా" అని అడిగాను. అది ముఖం కడుక్కుంటూ, "లేదమ్మా, గోడకు తగిలింది. టీ చిందింది, అంతే" అంది. తెల్లారి దాని ఎడమ కన్ను నిప్పులా ఎర్రగా ఉంది. బడికి వెళ్ళొచ్చి, ఆటలో బంతి తగిలిందని చెప్పింది. పొద్దున్నుంచే ఎర్రగా ఉంది కదే అంటే, అది ముందురోజు బంతి అంది. డాక్టరు దగ్గరికి తీసుకెళతానని నేను గోలపెట్టాను. "ఆటల్లో దెబ్బ తగలని పిల్ల ఎక్కడైనా ఉంటుందా, బెదురుగొడ్డా" అని వదిన నవ్వింది. ఆయన నవ్వాడు. పిచ్చుక కూడా నవ్వింది, అందరికంటే గట్టిగా. నాలుగు రోజులకు ఎరుపు తగ్గింది.

తర్వాత ఫ్యాక్టరీలో ఆయన తిప్పిన గొట్టం కొసనున్న గాజు పక్కన పనిచేసేవాడి భుజం మీద అంటుకుంది. చర్మం ఊడి చేతికి వచ్చిందట. మేనేజరు పిలిచి, కళ్ళు బాగు చేయించుకుంటేనే కొలిమి దగ్గరికి రానిస్తానన్నాడు. అంతవరకు ఆయన ఆపరేషన్ మాట ఎత్తినప్పుడల్లా నేనే ఆపుతూ వచ్చాను. ఆపరేషన్ వికటించి గుడ్డే తీసేశారట, మత్తు ఎక్కువై లేవలేదట, అని నేను విన్నవీ విననివీ కలిపి చెప్పేదాన్ని. ఆయన పైకి తిట్టేవాడు గానీ లోపల జంకేవాడు. జీవితంలో మొదటిసారి నా భయాన్ని పనికి పెట్టాను, అది బాగానే పనిచేసింది. కానీ ఉద్యోగం మాట వచ్చాక ఏ భయమూ పనిచెయ్యదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ నడివయసు మనిషి, గబగబా మాట్లాడుతుంది. ఆయన కళ్ళలోకి దీపం వేసి చూసి, మంట ముందు ఎన్నేళ్ళుగా పనిచేస్తున్నారని అడిగింది. "కంట్లో లెన్సు ఉంటుంది చూశారూ, అందులో మూడింట రెండు వంతులు నీళ్ళే. మిగతాదంతా గుడ్డులో తెల్లసొనలాంటి పదార్థం. నీళ్ళూ అదీ కొలత ప్రకారం సర్దుకుని ఉన్నన్నాళ్ళూ అద్దంలా ఉంటుంది. ఏళ్ళ తరబడి వేడి తగిలితే పెనం మీద గుడ్డు తెల్లబడ్డట్టే తెల్లబడుతుంది. అదే శుక్లం" అంది. నా నోరు ఊరుకోలేదు. "చల్లటి చోట ఉంటే మళ్ళీ దానంతట అది నీళ్ళలా అవుతుందా అండీ" అని అడిగాను. ఆమె నవ్వింది. "ఉడికిన గుడ్డు పచ్చిదవుతుందా అమ్మా? తీసేసి కొత్త లెన్సు పెట్టడమే." "మా ఆవిడకి లోకజ్ఞానం తక్కువ" అని ఆయన సర్దిచెప్పాడు. నేను లోకజ్ఞానం లేక అడగలేదు. మంట మానేసినంత మాత్రాన ఆయన చూపు దానంతట అది రాదని ఎవరైనా గట్టిగా చెబితే విందామని అడిగాను. కుడికన్ను ముందు, ఎడమది తర్వాత అన్నారు. గురి చూడటానికి ఒక్క కన్ను చాలని నాకు తెలుసు. మగపిల్లలు గోలీలాడేటప్పుడు ఒక కన్ను మూసుకునే కదా కొడతారు.

ఆపరేషన్‌కు ముందు కొన్నాళ్ళు చుక్కల మందు వెయ్యమన్నారు. ఆ పని ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు. ఆయన నా ఒళ్ళో తల పెట్టుకుని వెల్లకిలా పడుకునేవాడు. కింది రెప్ప లాగి పట్టుకుంటే, నా బొటనవేలి కింద ఆయన కనుగుడ్డు మెత్తగా, వెచ్చగా కదిలేది. ఆ పక్కనే గొంతు, పైకి ఎత్తి పెట్టి. ఉమ్మి మింగితే కంఠం పైకీ కిందికీ జరగడం కనిపించేది. నా వేలి బరువు కాస్త పెంచితే చాలు. కూరగాయలు కోసేటప్పుడు, సీసాలు ఏరేటప్పుడు, ఆ వేలు లోపలికి దిగడం, ఆయన కాళ్ళు కొట్టుకోవడం, నా ఒడి తడిసిపోవడం ఎన్నిసార్లు చూశానో. చెడు ఊహించడంలో నాకు చదువుందని చెప్పాను కదా. ఒకరోజు చుక్క గురి తప్పి మందు చెంప మీద పడింది. ఆయన పడుకున్న చోటు నుంచే నా మణికట్టు పట్టుకుని, లోపలి ఎముక టక్కుమనేదాకా మెలిపెట్టాడు. "చూపు రానీవే. ఈ ఇంట్లో ఇన్నాళ్ళూ ఏం నాటకాలాడారో నాకు తెలియదనుకున్నారా, నువ్వూ ఆ పిల్లా? ఎటు జరిగేవారో, ఎక్కడ నక్కేవారో అన్నీ వెతుక్కుంటా. నా గురి నాకొస్తుంది" అన్నాడు. గుమ్మంలో పిచ్చుక నిలబడి వింటోంది. దాని ముఖంలో భయం లేదు. లెక్కల పరీక్ష ముందు కూర్చున్నట్టు ఏదో ఆలోచన ఉంది. ఆ ముఖం చూస్తేనే నాకు ఎక్కువ భయం వేసింది.

ఆపరేషన్ అయిపోయింది. మర్నాడు పొద్దున్నే కట్టు విప్పుతామన్నారు. ఆ వేళకు వదిన, నేను, పిచ్చుక వార్డు బయట హాల్లో కూర్చున్నాం. నా భుజాల మీద ఎర్ర శాలువా. హాలు చివర గోడకు అక్షరాల పటం వేలాడుతోంది, పైన పెద్దవి, కిందికి వచ్చేకొద్దీ చిన్నవి. దాని ముందు నిలబడి ఒక ముసలాయన ఒక కన్ను చేత్తో మూసుకుని చదివి వెళ్ళాడు. పిచ్చుక ఊరుకుంటుందా, తనూ వెళ్ళి నేల మీది గీత దగ్గర నిలబడింది. ఎడమ కన్ను మూసుకుని చివరి వరస దాకా గడగడా చదివేసింది. "చాల్లే, కూర్చో" అన్నాను, లోపల మురిసిపోతూనే. అది చెయ్యి మార్చి కుడి కన్ను మూసుకుంది. ఒక్క అక్షరమూ చదవలేదు. ఆటపట్టిస్తోందనుకున్నాను. ఒక అడుగు ముందుకు వేసింది. ఇంకొకటి. అలా నడుచుకుంటూ వెళ్ళి, ముక్కు పటానికి ఆనేంత దగ్గరికి చేరి, అన్నిటికంటే పెద్ద అక్షరం మీద వేలు పెట్టి తడుముతూ చదివింది. ఆ అక్షరం నా అరచెయ్యి అంత ఉంటుంది.

ఎప్పుడు లేచానో, ఎలా వెళ్ళానో తెలియదు. దాని రెండు చెంపలూ పట్టుకుని కిటికీ వైపు తిప్పాను. సీసాను వంచినట్టే దాని తల కాస్త పక్కకు వంచాను. ఎడమ కంటి నల్లగుడ్డు లోతుల్లో, ఎండ పడిన చోట, పాల మరకలా ఒకటి మెరిసింది. ఫ్యాక్టరీలో ఆవగింజంత బుడగను పట్టుకునే కళ్ళు ఇవి. "ఎప్పటి నుంచే?" అన్నాను. "ముందు భయపడనని చెప్పు" అంది. "చెప్పు." "గ్లాసు తగిలినప్పటి నుంచి. మొదట్లో కొంచెమే. తర్వాత పొగలా అయింది." "నాతో ఎందుకు చెప్పలేదే?" అది నా శాలువా అంచు వేలికి చుట్టుకుంటూ, చిన్నపిల్లకు పెద్దవాళ్ళు సర్దిచెప్పే గొంతుతో అంది. "నువ్వు భయపడతావు కదా. భయపడితే వెలుతురు దగ్గర నిలబడటం మర్చిపోతావు. అప్పుడు నీకు తగులుతుంది."

నన్ను తప్పిన ప్రతి దెబ్బా గోడ మీద పడిందని అనుకున్నాను. నేను ఎడమవైపు జరిగిన ఆ ఒక్క అడుగు వెనకాల నా కూతురు కంచం ముందు కూర్చుని ఉంది. తనకు తగల్లేదని అది నాకు అబద్ధం చెప్పింది. నాకు తగలకూడదని చెప్పింది. ఇద్దరం ఒకరినొకరం ఇలా కాపాడుకుంటూ, ఇంటికి దీపాలు పెట్టుకుంటూ కూర్చున్నాం.

పిచ్చుక చెయ్యి పట్టుకుని డాక్టరమ్మ గది తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాను. వదిన "ఎక్కడికే, వాణ్ణి పిలుస్తారిప్పుడు" అంటూ వెనకే వచ్చింది. డాక్టరమ్మ ఇద్దరినీ చూసి ఏమనుకుందో, ఏమీ అడక్కుండా పిచ్చుకను దీపం ముందు కూర్చోబెట్టింది. చాలాసేపు చూసింది. ఆమె గబగబా మాట్లాడకపోవడం నేను అప్పుడే చూశాను. "లెన్సు చుట్టూ పల్చటి సంచిలాంటిది ఉంటుందమ్మా. అది చిరిగింది. బయటి నీళ్ళు లోపలికి పోయాయి. కొలత తప్పింది. అందుకే తెల్లబడింది. మీ ఆయనకు వేడితో వచ్చింది, ఈ పిల్లకు దెబ్బతో వచ్చింది. వయసుతో వచ్చే శుక్లం ఇలా ఉండదు. రేకులు విచ్చుకున్నట్టుంటుంది ఇది, గట్టి దెబ్బ తగిలితేనే ఇలా వస్తుంది" అంది. తర్వాత కుర్చీ వెనక్కి జరుపుకుని నా వైపు తిరిగింది. "ఆపరేషన్ చేస్తాను. చూపు వచ్చే అవకాశం బాగానే ఉంది. కానీ ఇంకొక్క దెబ్బ తగిలితే ఆ కన్ను నేను కాదు కదా, ఎవరూ తేలేరు. ఎలా తగిలింది?"

"బంతి డాక్టరమ్మా. బడిలో ఆడుకుంటుంటే" అంది వదిన, ఊపిరి తిప్పుకోకుండా. పిచ్చుక తల ఊపింది. "అవునండీ, బంతి." డాక్టరమ్మ వాళ్ళను చూడలేదు. నన్నే చూస్తోంది. "ఎలా తగిలిందో మీరు చెబితే, ఈ పిల్ల ఆ చోటుకు మళ్ళీ వెళ్ళకుండా ఆపడానికి నేను చెయ్యాల్సింది చేస్తాను. ఇవాళే ఇక్కడ చేర్చుకుంటాను, మీరూ ఇక్కడే ఉండొచ్చు. పోలీసులకూ పైవాళ్ళకూ కబురు చేస్తాను. బంతి అంటే మాత్రం మందు రాసి ఇంటికి పంపడం తప్ప నా చేతిలో ఏమీ ఉండదు."

వదిన నా మోచెయ్యి పట్టుకుని గిల్లింది, గోళ్ళు లోపలికి దిగేలా. అక్కాతమ్ముళ్ళ చేతులు ఒకేలా ఉంటాయి. "ఆలోచించి మాట్లాడు. వాడి ఉద్యోగం, నీ ఉద్యోగం, పిల్ల భవిష్యత్తు. రేపు ఎవడింట్లో తలదాచుకుంటావే, నీడ చూసి జడుసుకునేదానివి" అని చెవిలో అంటోంది, మోత ఉన్న ఎడమ చెవిలో. సగమే వినిపించింది. మిగతా సగం నేనే పూరించుకున్నాను. పోలీసులు వస్తారు, ఫ్యాక్టరీ మానిపిస్తుంది, ఆయన వెతుక్కుంటూ వస్తాడు, గది దొరకదు, దొరికినా తలుపు గట్టిది కాదు, రాత్రిపూట ఎవరో తలుపు తడతారు. ఏదీ వదల్లేదు, అన్నీ ఊహించాను. నాకు అలవాటే కదా. ఊహించి ఊహించి చివరికి వెళితే, వాటన్నిటి కంటే భయంకరమైనది ఒకటి ముందే జరిగిపోయి, నా పక్కన స్టూలు మీద కాళ్ళు ఊపుకుంటూ కూర్చుని ఉంది.

"బంతి కాదండీ. స్టీలు గ్లాసు. వాళ్ళ నాన్న నా మీదకు విసిరాడు. నేను పక్కకు జరిగాను, దీనికి తగిలింది" అన్నాను. పిచ్చుక కాళ్ళు ఊపడం ఆపింది.

అప్పుడే సిస్టరు తలుపు తీసుకుని తొంగి చూసింది. "కొలిమి మేస్త్రి తాలూకు ఎవరండీ? కట్టు విప్పుతున్నారు, వచ్చి ఎదురుగా నిలబడండి." తెరిచిన తలుపులోంచి, నడవాకు అవతల, వార్డులో మంచం మీద ఆయన కూర్చుని ఉండటం కనిపిస్తోంది. ఇంకెవరో ఆయన కంటి మీద పట్టీ ఊడదీస్తున్నారు. నేను శాలువా తీసి, మడత పెట్టి వదిన చేతుల్లో పెట్టాను. "మీరు కప్పుకోండి వదినా. కొత్త చూపుకు మొదట మీరే కనిపించండి" అన్నాను.  పట్టీ ఊడినట్టుంది, ఆయన తల అటూ ఇటూ తిప్పుతున్నాడు. "ఏమే బెదురుగొడ్డా, ఎక్కడ చచ్చావే" అని ఆయన గొంతు నడవా అంతా వినిపించింది.

"మీరు ఆయన భార్యే కదమ్మా? మీరు పేషెంటు తాలూకు కాదా?" అంది సిస్టరు, తొందరపడుతూ.

ఆయన గొంతును బట్టే గురి చూస్తాడని నాకు తెలుసు. తెలిసే, వార్డులో చివరి మంచం దాకా వినిపించేలా, ఉన్న చోటు నుంచి అంగుళం కూడా జరక్కుండా, పిచ్చుక భుజం మీద చెయ్యి వేసి చెప్పాను.

"నేను ఈ పేషెంటు తాలూకు."